పెట్టె మీద లేని పేర్లు: జీడీఆర్ఐని చాలాకాలం వాడాక

1980ల నాటి జపాన్ వీడియో గేమ్ పెట్టె మీద కనిపించేది చాలాసార్లు ఆటను అమ్మిన సంస్థ పేరే; తయారు చేసినవారు వేరే ఉండవచ్చు. ఆ అసలు తయారీదారులను వెతకడానికి నేను చాలాకాలంగా గేమ్ డెవలపర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, అంటే జీడీఆర్ఐ, మీద ఆధారపడుతున్నాను. పేరు గంభీరంగా ఉన్నా ఇది ఔత్సాహికులు నడిపే ఉచిత సమాచార సేకరణ.

సంస్థల వారీగా ఆటల జాబితాలు, పనిచేసినవారి పేర్లు, మాజీ ఉద్యోగులతో ముఖాముఖీలు ఇందులో దొరుకుతాయి. 1986లో క్యాప్‌కామ్ సంస్థ పేరుతో ఫామికామ్ (నింటెండో ఇంటి గేమ్ యంత్రం) మీద వచ్చిన ‘మకాయిమురా’ ఆటను మలిచింది మైక్రోనిక్స్ అనే వేరే సంస్థ అన్న సంగతి ఆటలో ఎక్కడా లేదు. ఇటువంటి చోట్ల సంగీతాన్ని నడిపే ప్రోగ్రామ్ తీరు, బొమ్మలు తడబడుతూ కదిలే తీరు వంటి పోలికలు ఆనవాళ్ళుగా పనికివస్తాయి. అయితే పోలికను సాక్ష్యంగా పొరబడకూడదు. అందుకే నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది ముఖాముఖీలకు.

అసలు చిక్కు మారుపేర్లతోనే. పోటీ సంస్థలు ఉద్యోగులను ఎగరేసుకుపోతాయన్న భయంతో యాజమాన్యాలు అసలు పేర్లు వేయనిచ్చేవి కావు. 1986 నాటి కోనామి ‘కాసిల్‌వేనియా’ చివర సంగీతకర్తగా కనిపించే ‘జేమ్స్ బనానా’ వెనుక ఉన్నది యమషిత కినుయో. ఒక భయానక చిత్రాల స్వరకర్త పేరును వెక్కిరిస్తూ పెట్టిన ఆ ముసుగు (హాస్యం బాగానే ఉంది, పాపం ఆమెకు దక్కాల్సిన గుర్తింపే వెనకబడింది) చూసి అసలు మనిషిని పోల్చుకోవడం ఎవరి తరం?

1979లో క్యోటోలో మొదలైన టోసే అనే గేమ్ తయారీ సంస్థ సంగతి మరీ కష్టం. వెయ్యికి పైగా ఆటలు చేసినా, తెర వెనుకే ఉండటం ఆ సంస్థ వ్యాపార పద్ధతి. హిరోషిమాలో ఉండిన కంపైల్ అనే సంస్థ ఇందుకు పూర్తిగా భిన్నం: అక్కడివారు తర్వాత రైజింగ్ అనే మరో గేమ్ సంస్థకు చేరిన దారిని పేర్ల ఆధారంగానే అనుసరించవచ్చు.

రోమన్ లిపిలో ఇంటిపేరు మాత్రమే దొరికినప్పుడు ఏ జాబితా అయినా చాలదు. అప్పుడు నేను జపాన్‌లో విడుదలైన సంగీతం సీడీల లోపలి పుస్తకాలు చూస్తాను. వాటిలో చాలాసార్లు పూర్తి పేరు కాంజీ లిపిలో (జపనీస్‌లో వాడే చైనా మూలపు అక్షరాల్లో) ఉంటుంది, ఆ లిపితో జపనీస్‌లో వెతికితే మిగతా ఆటలు బయటపడతాయి.