27 ప్రశ్నలు, కింద ఖాళీ గీతలు: ఐసీయూ బాధని కొలిచే ఫారం మన దగ్గర పనికొస్తుందా?

రోగికి ఏది మంచిదో తెలుసు, కానీ అది చెయ్యనిచ్చే పరిస్థితి ఉండదు. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం ఐసీయూల్లో డ్యూటీ చేసేవాళ్లకి ఈ బాధ కొత్తేం కాదు. 1984లో ఆండ్రూ జేమ్టన్ అనే అమెరికా తత్వవేత్త దీనికి మోరల్ డిస్ట్రెస్ అని పేరు పెట్టాడు. దాన్ని కొలిచే ఫారాల్లో ఇప్పుడు ఎక్కువగా వాడేది 2019లో అమెరికాలో వచ్చిన ఎం.ఎం.డి.-హెచ్.పి. (మెజర్ ఆఫ్ మోరల్ డిస్ట్రెస్ ఫర్ హెల్త్‌కేర్ ప్రొఫెషనల్స్). డాక్టర్లు, సిస్టర్లు, టెక్నీషియన్లు అందరికీ ఒకటే ఫారం.

వాడటం తేలికే. మొత్తం 27 సందర్భాలు. ఎంత తరచుగా ఎదురైందో 0 నుంచి 4, ఎంత బాధపెట్టిందో 0 నుంచి 4 వెయ్యాలి. రెండూ గుణిస్తే ఒక్కో సందర్భానికి గరిష్ఠం 16, మొత్తం 432. చివర్లో, ఈ బాధ వల్ల ఉద్యోగం మానేద్దామనుకున్నారా అని అడుగుతుంది.

అందరూ బోల్తాపడేది మొత్తం దగ్గర. ఒక సిస్టరుకి చిన్నాచితకా అంకెలన్నీ పోగై 40 వస్తుంది. ఇంకో సిస్టరుకి రెండు పదహార్లు, ఒక ఎనిమిది, అదీ 40యే. ముందు చూడాల్సింది రెండో ఆమె కాగితం. ఇంత దాటితే ప్రమాదం అని చెప్పే గీత ఈ ఫారంలో లేదు కాబట్టి, సగటు తీసి ఫైల్లో పెట్టడం వృథా. విడివిడిగా 12, 16 పడ్డ ప్రశ్నలు ఏవో ఏరుకోవాలి.

తెలుగు చేసేటప్పుడు జాగ్రత్త. 'నైతిక క్షోభ' అని రాస్తే, తన నడవడి మీద ఏదో విచారణ అనుకుని సగం మంది సున్నాలు వేసేస్తారు. 'ఏది సరైనదో తెలిసీ చెయ్యలేక పడ్డ బాధ' అంటే చాలు. 'అగ్రెసివ్ ట్రీట్‌మెంట్'ని 'దూకుడు వైద్యం' చెయ్యకండి బాబూ. 'ఇక లాభం లేదని తెలిసీ చేస్తూ పోయే వైద్యం' అనండి.

అసలు లోటు వేరే ఉంది. లాభం లేకున్నా వైద్యం ఆపొద్దని బంధువులు పట్టుబట్టడం గురించి ఫారం అడుగుతుంది. దానికి తిరగేసిన కేసు మన దగ్గరుంది. పురుగుమందు తాగిన కుర్రాడు. విరుగుడు మందు అట్రోపిన్ మీద, వెంటిలేటర్ మీద వారం పది రోజులు నెట్టుకొస్తే లేచే అవకాశం ఉంది. నాలుగో రోజుకి బంగారం తాకట్టు పెట్టిన డబ్బులు అయిపోతాయి. లామా కాగితం (డాక్టర్లు వద్దన్నా మేమే తీసుకెళ్తున్నాం అని రాసిచ్చేది) మీద తండ్రి వేలిముద్ర పడుతుంది. చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కుకుంటూ అంబులెన్సులో కోనసీమ దాకా వెళ్లి, వీధి అరుగు మీద ట్యూబు తీసేది ఐసీయూ మనిషే. దీనికి 27లో గడి లేదు. ఖర్చు ప్రశ్న ఒకటుంది గానీ, అది యాజమాన్యమో ఇన్సూరెన్సో తగ్గించమనే ఖర్చు, రోగి జేబు కాదు. అందుకే మనకి ఈ ఫారంలో అన్నిటికన్నా విలువైనవి కిందున్న ఖాళీ గీతలు. 'డబ్బు లేక బతికే రోగిని పంపేశాం' అని అక్కడ రాసి, దానికీ రెండు మార్కులూ వెయ్యమని ముందే చెప్పాలి.

ఆపరేషన్ థియేటర్ వాళ్లకి ఇది కాస్త వదులు చొక్కా. అక్కడ మెలిపెట్టేది మాప్‌ల (ఆపరేషన్లో రక్తం పీల్చడానికి లోపల పెట్టే గుడ్డల) లెక్క. పొట్ట మూసేముందు ఒకటి తగ్గిందని సిస్టరు అంటే, 'సరిగ్గా లెక్కపెట్టు, నేను మూసేస్తున్నా' అని సర్జన్ గారి జవాబు. లెక్క తేలకపోతే వెతకాలి, అప్పటికీ దొరక్కపోతే ఎక్స్‌రే తియ్యాలి. మాప్‌లో ఎక్స్‌రేకి కనపడే దారం ఉండేది అందుకేగా. ఇది నోరెత్తితే కక్ష కడతారన్న ప్రశ్న కిందకి వస్తుంది, అది మాత్రం ఫారంలో ఉంది.

ఇచ్చే పద్ధతిలోనూ పాడవుతుంది. ఎనిమిది మంది ఉన్న యూనిట్లో వయసు, అనుభవం గడులు పెడితే పేరు రాయించినట్టే. ఆ రెండూ తీసెయ్యండి. నర్సింగ్ సూపరింటెండెంట్ చేతికి కాకుండా తాళం వేసిన డబ్బాలో వేయించండి. నైట్ డ్యూటీ దిగే వేళ ఇవ్వొద్దు. రెండోసారి పంచేముందు, మొదటిసారి పైకొచ్చిన మూడు సమస్యల్లో ఏది మారిందో డ్యూటీ రూంలో అంటించండి. లేదంటే ఈసారి అందరూ పై నుంచి కిందికి ఒకే అంకె చుట్టేసి ఇచ్చేస్తారు.