లాప్‌టాప్ ఛార్జర్ పోతే ఏది కొనాలి: డూప్లికేటు, కంపాటిబుల్, ఒరిజినల్ మూడూ వాడిన అనుభవం

పాలకొల్లులో ఇంటి దగ్గరే ఉండి చిన్న వ్యాపారుల జీఎస్‌టీ లెక్కలు చూడడం నా వృత్తి. ప్రతి నెలా 20వ తేదీలోపు 3బి రిటర్నులు, అంటే నెలవారీ పన్ను లెక్కలు, వెయ్యాలి కనుక, 15 నుంచి 20 వరకూ నా లాప్‌టాప్ పొద్దున్న తెరిస్తే రాత్రి పదింటిదాకా మూతపడదు. నాలుగేళ్లపాటు ఏ పేచీ పెట్టకుండా పనిచేసిన దాని ఛార్జరు సరిగ్గా అలాంటి ఒక 17వ తేదీ మధ్యాహ్నం ఆగిపోయింది. పిన్నుకు ఆనుకుని ఉన్నచోట వైరు మడతపడీ మడతపడీ లోపల తెగింది. పట్టుకుని ఒకవైపుకు వంచితే దీపం వెలిగేది, వదిలితే ఆరిపోయేది. అప్పటినుంచి ఏడు నెలల్లో నేను మూడు ఛార్జర్లు కొన్నాను. ఇలాంటి కొనుగోలు చాలామంది నాలాగే తొందరలోనే చేస్తారు కనుక, ఆ మూడింటి గురించీ తెలిసినంత వివరంగా చెప్పాలనిపించింది.

మొదటిది మా ఊళ్లోనే కొన్నాను. దాని మీద నా లాప్‌టాప్ కంపెనీ పేరే అచ్చయి ఉంది. 19.5 వోల్టులు, 65 వాట్లు అన్న అంకెలు కూడా పాతదానితో సరిపోయాయి. ధర 750 రూపాయలు, బిల్లు ఇవ్వలేదు. "ఒరిజినలేనండీ, అట్టపెట్టె లేకుండా లూజుగా వస్తుంది కనక చవక" అన్నారు దుకాణదారు. రిటర్నుల ఒత్తిడిలో ఆ మాట నమ్మడమే తేలికగా తోచింది. ఇంటికి వచ్చి తగిలించగానే లాప్‌టాప్ వెలిగింది కూడా.

ఇబ్బందులు ఆ సాయంత్రమే మొదలయ్యాయి. యంత్రం తెరిచిన ప్రతిసారీ అడాప్టరు రకమూ వాట్లూ తెలియడం లేదన్న హెచ్చరిక తెర మీద కనిపించేది. బ్యాటరీ శాతం ఎంతసేపు ఉంచినా పెరిగేది కాదు. పెద్ద కొనుగోలు రిజిస్టరు తెరిస్తే ఎక్సెల్ ఒక్కో గడికీ ఆగి ఆగి కదిలేది. వీటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది కర్సరు. టచ్‌ప్యాడ్ మీద వేలు ఒకచోట ఉంచితే అది తనంతట తాను పక్క గడిలోకి దూకేది, ఒక చోట వెయ్యవలసిన అంకె మరోచోట పడేది. పన్ను లెక్కల్లో ఒక్క గడి మారితే ఏమవుతుందో ఈ పని చేసేవారికి చెప్పనక్కరలేదు. ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడిపితే కర్సరు కుదురుగా ఉండడం చూశాక లోపం ఎక్కడుందో అర్థమయింది.

మూడో రోజున మా అమ్మ తడిబట్ట పెట్టిన గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబడి, బల్ల తుడుస్తూ లాప్‌టాప్ ఇనుప అంచు తాకి, జివ్వుమందని చెయ్యి లాగేసుకుంది. ఆ క్షణమే ఆ ఛార్జరు పీకి పక్కన పెట్టాను.

దాన్ని తీసుకుని మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాను. అతను ముందు అడాప్టరు పెట్టెను విప్పలేదు, మల్టీమీటరు తీసి గోడకు పెట్టే వైరును పరీక్షించాడు. ప్లగ్గులో పైన ఉండే లావు పిన్నుకూ, అడాప్టరులోకి వెళ్లే కొసన ఉన్న మూడో రంధ్రానికీ మీటరు కడ్డీలు ఆనిస్తే మోగాలి. మోగలేదు. "చూడండి గురువుగారూ, మూడు పిన్నులున్నాయి గానీ లోపల రెండు వైర్లే లాగారు. ఎర్తు పిన్ను ఉత్త ఇత్తడి ముక్క" అన్నాడు. ఆ తరువాత పెట్టె అతుకు మీద స్క్రూడ్రైవరు పెట్టి విప్పాడు. ఆకుపచ్చ బోర్డు మీద తెల్లని గీతలతో ఏ భాగం ఎక్కడ ఉండాలో ముద్రించి ఉంది; ఆ గీతల మధ్య చాలాచోట్ల భాగాలు లేవు. విద్యుత్తులోని అలజడిని వడగట్టే రాగి చుట్ట ఉండవలసిన చోట రెండు తీగముక్కలు అడ్డంగా అతికించారు. ఫ్యూజు ఉండవలసిన చోట కూడా ఒక సన్నని తీగే ఉంది. ఖాళీగా మిగిలిన ఆ గళ్లు చూస్తుంటే, డిజైను గీసినవాడికి ఏది అవసరమో పూర్తిగా తెలుసుననీ, తెలిసే తీసేశారనీ స్పష్టమైంది. నాకు బాగా కోపం వచ్చింది.

లోపల జరిగే పని ఏమిటో కొంచెం చెబితే ఈ తీసివేతలు ఎందుకు ప్రమాదమో తెలుస్తుంది. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని ఛార్జరు 19 లేక 20 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఆ రెండు వైపులకూ మధ్య తీగ సంబంధం ఉండదు, ట్రాన్స్‌ఫార్మరు మాత్రమే శక్తిని అటునుంచి ఇటు అందిస్తుంది. అలజడి తగ్గించడానికి ఈ రెండు వైపులనూ కలుపుతూ వై రకం కెపాసిటరు అనే చిన్న బిళ్ల పెడతారు. దాని గుండా ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు కారుతూనే ఉంటుంది. ఎర్తు వైరు సక్రమంగా ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది, లేకపోతే లాప్‌టాప్ లోహపు ఒంటి మీద నిలిచి, తడి నేల మీద నిలబడి తాకినవారి గుండా దారి వెతుక్కుంటుంది. అసలైన వై కెపాసిటరు పాడైనా రెండు వైపులనూ కలిపెయ్యకుండా ఉండేలా తయారుచేస్తారు. నా డూప్లికేటులో ఆ స్థానంలో భద్రతా గుర్తులేవీ లేని మామూలు కెపాసిటరు పెట్టారు. అది కాలి రెండు వైపులూ కలిసిపోయి ఉంటే, అమ్మ చేతికి తగిలింది ఆ కొద్దిపాటి కరెంటు కాక గోడలోని 230 వోల్టులు అయ్యుండేది.

బ్యాటరీ ఎక్కకపోవడానికి కారణం వేరు. డెల్, హెచ్‌పీ వంటి కంపెనీల గుండ్రని పిన్నుల్లో మధ్యన ఒక సన్నని సూది ఉంటుంది. అది కరెంటు కోసం కాదు, ఈ అడాప్టరు ఎంత శక్తి ఇవ్వగలదో యంత్రానికి తెలియజేయడానికి ఉన్న మూడో తీగ. డెల్ అడాప్టరులో దీనికోసం ఒక చిన్న చిప్పే ఉంటుంది. ఆ సమాచారం అందకపోతే లాప్‌టాప్ జాగ్రత్తపడి బ్యాటరీ ఎక్కించడం మానేసి, ప్రాసెసరు వేగాన్ని తగ్గించుకుంటుంది. లెనోవో పసుపురంగు నలుచదరపు పిన్నులోనూ గుర్తింపు ఏర్పాటు ఉంది. కనుక పిన్ను దూరితే చాలునని కొనడం సరికాదు.

రెండో ఛార్జరు భీమవరంలో కొన్నాను. ఇది నకలు కాదు. తన సొంత బ్రాండు పేరుతో, ఏయే మోడళ్లకు పనిచేస్తుందో పెట్టె మీద రాసి అమ్మే కంపాటిబుల్ ఛార్జరు. బిల్లుతో 1,150 రూపాయలు, ఏడాది వారంటీ. ఐటీ పరికరాల పవర్ అడాప్టర్లకు మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి. 2012లో ఇచ్చిన ఉత్తర్వు 2013 నుంచి అమలులోకి వచ్చింది, అడాప్టర్లను అందులో తరువాత చేర్చారు. ఆ ప్రకారం లేబులు మీద ఐఎస్ 13252 అన్న ప్రమాణం సంఖ్య, కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల నమోదు సంఖ్య చాలాకాలంగా కనిపిస్తున్నాయి. దుకాణంలో నిలబడే ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ సంఖ్య కొట్టాను. తయారీదారు పేరు, ఫ్యాక్టరీ చిరునామా, వస్తువు రకం వచ్చాయి, లేబులుతో సరిపోయాయి. దుకాణదారు విసుక్కోలేదు సరికదా, "ఇలా చూసి కొనేవాళ్లు వస్తేనే మాకూ మంచిదండీ" అన్నారు. తరువాత ఇంటికి వచ్చి డూప్లికేటు మీది సంఖ్యను కొడితే అది పూర్తిగా వేరే రకం వస్తువుకు చెందినదిగా తేలింది. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి: నకలు చేసేవారు సరైన సంఖ్యను కూడా ఎత్తిరాయగలరు. కనుక సరిపోనిది కచ్చితంగా నకిలీ అవుతుందే తప్ప, సరిపోయినంత మాత్రాన అసలుదని రుజువు కాదు.

ఈ రెండోది నన్ను మోసం చెయ్యలేదు. లాప్‌టాప్ దాన్ని గుర్తించింది, బ్యాటరీ ఎక్కింది, కర్సరు కదలకుండా నిలిచింది. లోపాలు రెండు. వైరు పొట్టిగా, బిరుసుగా ఉండి బల్ల కిందనుంచి అందేది కాదు. మే నెలలో అయితే విపరీతంగా వేడెక్కేది. వేసవి సాయంత్రాలు చేపల చెరువుల మీద ఏరియేటర్లు తిరుగుతూ, ఇళ్లలో ఏసీలు నడుస్తుంటే మా వైపు వోల్టేజి బాగా పడిపోతుంది. 100 నుంచి 240 వోల్టుల వరకూ పనిచేస్తుందని లేబులు మీద ఉన్నా, వోల్టేజి తగ్గినకొద్దీ అదే శక్తి ఇవ్వడానికి ఛార్జరు ఎక్కువ ఆంపియర్లు లాగాలి, ఆ మేరకు వేడెక్కాలి. రోజుకు రెండు మూడు గంటలు వాడేవారికి ఇది చాలునని నా అభిప్రాయం. అందుకే అదే పిన్ను లాప్‌టాప్ ఉన్న మా అమ్మాయికి ఇచ్చాను, హాస్టల్లో ఇప్పటికీ బాగానే నడుస్తోంది. పది గంటలు వాడే నా పనికి మాత్రం అది చాలలేదు.

మూడోది ఒరిజినల్. రాజమండ్రిలో మా లాప్‌టాప్ కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రానికి ఫోను చేసి, యంత్రం అడుగున ఉన్న సంఖ్య చెబితే, దానికి తగిన అడాప్టరు తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. పన్నుతో కలిపి 2,360 రూపాయలు. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద రెండు అడాప్టర్లూ పెట్టి చూస్తే డూప్లికేటు 170 గ్రాములు, ఒరిజినల్ 280 గ్రాములు తూగింది. ఖాళీ గళ్ల బోర్డు చూసినవారికి ఆ తేడా ఎక్కడిదో తెలుస్తుంది. మే నెల సాయంత్రం కూడా చేత్తో పట్టుకోగలిగినంత వేడిలోనే ఉంటోంది. నాలాగే పని కోసం కొనే, జీఎస్‌టీ నమోదున్న వ్యాపారులు ఒక సంగతి గమనించాలి: ఆ 2,360లో 360 రూపాయలు పన్ను; వ్యాపారానికి వాడే వస్తువు కనుక బిల్లులో తమ జీఎస్‌టీ సంఖ్య వేయించుకుంటే ఆ మొత్తాన్ని క్రెడిట్‌గా తీసుకుని, తాము కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. బిల్లు లేని 750 రూపాయలకు ఆ వీలు లేదు, వారంటీ లేదు, అడగడానికి మనిషీ లేడు.

మన ప్రాంతానికి మరో బెడద ఉంది. గాలివానలకు కొబ్బరి మట్టలు వైర్ల మీద పడి న్యూట్రల్ తెగినప్పుడు, కొన్ని ఇళ్లకు 230కి బదులు దాదాపు 400 వోల్టుల దాకా వచ్చిపడుతుంది. అంతటి దెబ్బకు ఒరిజినల్ ఛార్జరు కూడా పోవచ్చు. అయితే అందులో ఫ్యూజు ఉంటుంది కనుక అది పేలి సరఫరా తెగిపోతుంది. ఫ్యూజు స్థానంలో తీగముక్క ఉన్నది మంచం మీద, పరుపు పక్కన ఉండి కాలితే ఏమి జరుగుతుందో ఊహించడానికే భయంగా ఉంటుంది. గాలి మొదలవగానే ఏ ఛార్జరునైనా గోడ నుంచి తీసెయ్యడమే మేలు.

కొత్త లాప్‌టాప్‌లు కొన్నవారికి ఈ ఎంపిక చాలా తేలికయింది. టైప్-సి పోర్టు గుండా ఛార్జయ్యే యంత్రాలకు పవర్ డెలివరీ ప్రమాణం పాటించే ఏ మంచి బ్రాండు ఛార్జరైనా పనిచేస్తుంది, ఎంత వోల్టేజి కావాలో రెండు కొసలూ మాట్లాడుకుని నిర్ణయించుకుంటాయి. అక్కడ పొరపాటు కేబులు దగ్గర జరుగుతుంది. మామూలు కేబులు 3 ఆంపియర్లు, అంటే 60 వాట్ల వరకే మోస్తుంది. 65 వాట్లు కావాలంటే 5 ఆంపియర్ల కేబులు తీసుకోవాలి. అలాగే 65 వాట్ల యంత్రానికి అదే వోల్టేజి గల 90 వాట్ల ఛార్జరు పెడితే కాలిపోతుందన్న భయం మా దగ్గర చాలామందికి ఉంది. అది నిజం కాదు, యంత్రం తనకు కావలసినంతే లాగుతుంది. తక్కువ వాట్లది పెట్టడమే తప్పు.

ఒరిజినల్ వచ్చాక కూడా వెనక గదిలో అమ్మకు ఒకసారి సన్నగా జివ్వుమంది. మెకానిక్ వచ్చి చూస్తే ఈసారి ఛార్జరు వైరు మోగింది, గోడ సాకెట్టులోనే ఎర్తు లేదు. ఇల్లు పాతది, మూడు రంధ్రాల సాకెట్లు తరువాత మార్చారు గానీ వెనక గదులకు ఎర్తు వైరు లాగలేదు. రెండు వేలు పెట్టి కొన్న ఛార్జరు ఆ లోపాన్ని పూడ్చలేదు. మా నేలలో నాలుగడుగులు తవ్వితే చెమ్మ తగులుతుంది కనుక ఇక్కడ ఎర్తు పిట్టు వెయ్యడం కష్టం కాదని ఎలక్ట్రీషియన్ చెప్పాడు, వచ్చే ఆదివారం వస్తానన్నాడు. అంతవరకూ లాప్‌టాప్ ముందు గదిలోనే ఉంటుంది, అమ్మ కాళ్ల కింద ఒక చెక్కపీట వేశాము.