పదకొండున్నరేళ్లు వాడాక మా కంపెనీ మీద నా రివ్యూ

వాడిన కాలం: 2014 జనవరి నుంచి 2025 ఆగస్టు దాకా, అంటే 11 ఏళ్ల 7 నెలలు. వాడిన చోటు: మొదటి ఆరేళ్లు హైదరాబాద్ ఆఫీసు, 2020 మార్చి నుంచి గుంటూరు బ్రాడీపేటలో మా మేడమీద గది, ఆ తర్వాత మళ్లీ వారానికి మూడు రోజులు హైదరాబాద్. కంపెనీ పేరు చెప్పను, ఇంకో పదిహేడు రోజులు జీతం వాళ్లదే. అమెరికా కంపెనీ, పాతది, ఒకప్పుడు పెద్దది, ఇప్పటికీ సైజులో పెద్దదే. అంతవరకు చాలు.

ముందు మంచి చెప్తా, ఎందుకంటే ఉంది. చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన నా మొదటి కోడ్‌కి 43 కామెంట్లు పెట్టాడు, ఆ రోజు బాత్రూంలోకెళ్లి ఏడవడం ఒక్కటే తక్కువ, కానీ ఇవాళ నాకు వచ్చిన పని అంటూ ఏదైనా ఉంటే సగం ఆ 43 కామెంట్లే. అమ్మ మోకాలి ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్‌లో ఒక్క రూపాయి కట్టకుండా బయటికొచ్చాం. పెళ్లి సంబంధాల టైంలో అమ్మ అందరికీ ముందు కంపెనీ పేరు చెప్పేది, తర్వాత నా పేరు, అవతలోళ్లు ఒక్కోసారి నా పేరు దాకా ఆగేవాళ్లు కూడా కాదు. 2014 నుంచి 2018 వరకు ఐదుకి నాలుగున్నర, ఆ అరా కూడా క్యాంటీన్ సాంబార్ వల్ల పోయింది.

కంపెనీ దిగిపోతోందని పేపర్లో లేఆఫ్ వార్త వచ్చాక తెలుస్తుందని అందరూ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా, కానీ లోపలున్నోళ్లకి అది చాలా ముందే చిన్న చిన్నగా తగుల్తది. మొదట ఎవరైనా మానేస్తే వాళ్ల ప్లేస్‌లో ఇంకొకళ్లని తీసుకోవడం ఆపేశారు. పని మాత్రం ఆగదు కదా, వెళ్లేవాడు ఉన్నవాడికి కేటీ, అంటే తన పనంతా నేర్పి అప్పజెప్పడం, ఇచ్చి వెళ్తాడు. అలా మూడేళ్లలో నేను తొమ్మిది మంది దగ్గర కేటీ తీసుకున్నా, నోట్సు పుస్తకం నిండిపోయింది, ఒక టైంకి వచ్చేసరికి కేటీ తీసుకోవడమే నా ఉద్యోగం అనిపించింది. అదే మూడేళ్లలో ఆరుగురు మేనేజర్లు మారారు, వచ్చిన ప్రతి ఆయనకీ నేనేం చేస్తానో మొదట్నుంచి చెప్పాలి, ఇంక్రిమెంట్ టైం వచ్చేసరికి విన్నాయన ఉండడు.

ఒక రాత్రి సంగతి చెప్తా. కస్టమర్ దగ్గర ఏదో ఆగిపోయింది, పన్నెండున్నరకి ఫోను, బయట వాన, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద కూర్చున్నా. తప్పు ఉన్న ఫైల్ దొరికింది, ఎవరు రాశారో వాళ్లనే అడుగుదామని ఏ లైను ఎవరిదో చూపించే గిట్ బ్లేమ్ కొట్టా. పక్కన వరసగా పేర్లు వచ్చాయి. ఒకాయన కెనడా, ఒకావిడ బెంగళూరులో వేరే కంపెనీ, ఇద్దర్ని 2022లో తీసేశారు, ఆ 43 కామెంట్ల సీనియర్ పేరు కూడా ఉంది, ఆయన రిటైర్మెంట్ తీసుకుని తెనాలి దగ్గర నిమ్మతోట చూసుకుంటున్నాడు. ఆ ఫైల్ మొత్తంలో ఇంకా కంపెనీలో ఉన్న పేరు ఒక్కటే, నాది, అది కూడా స్పెల్లింగ్ సరిచేసిన ఒక్క లైను. పొద్దున ఆరింటికి సరిచేశా, తెనాలి ఆయనకే ఫోన్ చేసి అడిగి. పాపం తోటకి నీళ్లు పెడుతూ చెప్పాడు.

ఇంకోటి. 2015 డిసెంబర్‌లో చెన్నై వరదలొచ్చినప్పుడు ఇదే కంపెనీ చెన్నై టీమ్‌కి అడక్కుండానే పది రోజులు స్పెషల్ లీవ్ ఇచ్చింది, ఇళ్లు మునిగినోళ్లకి అడ్వాన్స్ ఇచ్చింది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా టీమ్ కుర్రాడు మొదటంతస్తు మెట్ల మీద వాళ్ల నానమ్మతో కూర్చుని ఉంటే, వాడికొచ్చిన మెయిల్ ఏంటంటే, ఆఫీసుకి రాని రోజులకి నీ సొంత లీవులు అప్లై చెయ్యి అని. ఛార్జింగ్ లేని ఫోన్లో ఆ మెయిల్ వాడు మూడో రోజు చూసుకున్నాడు. క్వార్టర్ రిజల్ట్స్ ఎవడిక్కావాలి, నాకు కంపెనీ పరిస్థితి ఆ రెండు వరదల మధ్య తేడాలోనే తెలిసిపోయింది.

మరి తెలిసీ ఎందుకున్నావ్ అంటే, ఇదే అసలు రివ్యూ, కంపెనీ మీద కాదు నా మీద.

ఒకటి షేర్లు. 2021లో కొన్ని వచ్చాయి. తెలియనోళ్లకి, కంపెనీ షేర్లు మన అకౌంట్లో పడిన రోజు ధర ఎంతుంటే అంతా జీతం కింద లెక్క, 30 శాతం స్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 31కి పైనే పోద్ది. ధర వంద అనుకోండి, ముప్పై ఒకటి అక్కడే కోసేశారు, మిగతావి పెరుగుతాయిలే అని అమ్మకుండా ఉంచా, ఇవాళ దాని ధర 44. అంటే నేను కళ్లతో చూడని డబ్బుకి టాక్స్ కట్టా. ఇప్పుడు అమ్మితే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్లు ముందుకి మోసుకెళ్లి వేరే క్యాపిటల్ గెయిన్ మీద తగ్గించుకోవచ్చు, జీతం మీద తగ్గించుకోవడానికి లేదు, నాకేమో ఆ గెయిన్ అనేదే లేదు. పైగా విదేశీ షేర్లు కాబట్టి ప్రతి ఏడాది రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి, పోయిన డబ్బుకి లెక్క రాయడం ఒక ప్రత్యేకమైన బాధ.

రెండు, ఆశ. చిప్పులు చేసే ఏఎండీ షేరు 2015లో రెండు డాలర్ల కింద ఉంది, అంతకు ముందు ఏడాది అక్టోబర్‌లోనే లీసా సు సీఈఓ అయింది, ఆ తర్వాత ఎంత లేచిందో అందరికీ తెలుసు. ఐబీఎం 1993లో 8 బిలియన్ డాలర్లు నష్టపోయి కొత్త సీఈఓ గెర్‌స్ట్‌నర్ టైంలో లేచింది. లంచ్ టేబుల్ దగ్గర ఈ రెండు కథలు నేను కనీసం ఇరవై మందికి చెప్పుంటా. ఇంటెల్‌ని 2024 నవంబర్‌లో అమెరికా పెద్ద కంపెనీల షేర్ సూచీ డౌ జోన్స్ నుంచి తీసేసి ఎన్విడియాని పెట్టినప్పుడు ఎదురుగా కూర్చున్నతను, అన్నా లేచినోళ్ల కథలే చెప్తావ్, పడుకున్నోళ్ల కథ ఒక్కటి చెప్పవా అన్నాడు. లేచినచోట ఎవరో ఒకళ్లు ఒక వస్తువు పట్టుకుని దాన్ని బాగుచేస్తూ కూర్చున్నారు. మా దగ్గర మూడేళ్లలో నాలుగు పెద్ద ప్రోగ్రాములొచ్చాయి, అన్నిటి పేరులోనూ ట్రాన్స్‌ఫర్మేషన్ ఉంది, ఏ వస్తువు బాగుపడిందో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

మూడు, ఇది ఒప్పుకోడానికి కొంచెం సిగ్గుగా ఉంది, ప్యాకేజీ. తీసేస్తే కొన్ని నెలల జీతం ఇచ్చి పంపిస్తారు కదా, మనంతట మనం మానేస్తే అది పోద్ది కదా అని ఏడాది పైన కూర్చున్నా. ప్రతి రౌండులో నా పక్కోళ్ల పేర్లు వస్తున్నాయి, నాది రావట్లేదు. మా ఆవిడ ఒకరోజు కందిపొడి కలుపుతూ, ఏవండీ, తీసెయ్యడానిక్కూడా మీరు గుర్తు రావట్లేదు వాళ్లకి అంది. నవ్వొచ్చింది, రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

2023లో ఊరికే రేటెంతుందో చూద్దామని ఒక ఇంటర్వ్యూకి కూర్చున్నా. అవతల కుర్రాడికి పాతికేళ్లు ఉంటాయేమో. సర్వర్లలో ప్రోగ్రాములు నడిపే కుబర్నెటీస్‌లో ఏదో అడిగాడు, మా కంపెనీలో దానికి మేం సొంతంగా తయారుచేసుకున్న టూల్ ఉంది, ఆ టూల్ గురించి నేను గంట మాట్లాడగలను, ప్రపంచంలో ఇంకెక్కడా అది లేదు. నేను తడబడ్డా. వాడు చాలా మర్యాదగా పర్లేదు సర్, మీ ఎక్స్‌పీరియన్స్‌కి ఇవన్నీ చూసే అవసరం రాదు లెండి సర్ అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత రాత్రిపూట చదవడం మొదలెట్టా, ఆపేశా, మళ్లీ మొదలెట్టా, ఇలా ఏడాదిన్నర.

తేల్చింది మాత్రం మా బాబాయ్. గుంటూరోళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం, మా దగ్గర కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటారు, అందులో దాచిన మిర్చి ఏసీ కాయ. బాబాయ్ 2024లో రేటు రాలేదని 90 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఏసీలో పెట్టాడు. పై ఏడాది ఇంకా పడింది, 2025 ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 అని ప్రకటించేదాకా వచ్చింది పరిస్థితి. ఆ రోజుల్లోనే ఆయనతో యార్డుకి వెళ్లా, మాస్కు కట్టుకున్నా తుమ్ములే తుమ్ములు. టీ తాగుతూ నా గోడు చెప్పుకున్నా, షేర్లు, ప్యాకేజీ అన్నీ.

ఆయన నా వంక చూసి, "అంతకుముందు సంవత్సరం రేటు బుర్రలో పెట్టుకునే రా నేనూ కూర్చుంది. అద్దె పోతంది, అప్పు మీద వడ్డీ పోతంది, తరుగు పోతంది. కాయేమో లోపల సల్లగా కూసుంది, దానికేం" అన్నాడు. కాసేపాగి, "నువ్వూ ఏసీ కాయవే రా అబ్బాయ్. లోపలున్నంతసేపు ఎర్రగానే ఉంటది. బయటికి తీసినాక నాలుగు రోజుల్లో తెలిసిపోద్ది రంగు" అన్నాడు.

ఏసీ కాయ బయటికొస్తే తేమ పట్టుకుని రంగు తొందరగా తిరుగుద్ది, అది నిజం. నాకు ఆ ఇంటర్వ్యూ కుర్రాడి "పర్లేదు సర్" వినబడింది మళ్లీ.

ఆ రాత్రే కాగితం మీద లెక్క వేశా. ఇన్నాళ్లూ వేసింది పోతే ఏం పోద్ది అనే లెక్క, ఈసారి ఏం పోదు అనేది రాశా. గ్రాట్యుటీ పోదు, ఐదేళ్లు దాటినోడికి మనంతట మనం మానేసినా వస్తది. నెల బేసిక్‌ని 26తో భాగించి 15తో గుణించి ఎన్నేళ్లయితే అన్నిసార్లు, 2025లో నేను వేసిన లెక్క ఇది. నా బేసిక్ 70 వేలు, చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది కింద లెక్క కాబట్టి బయటికొచ్చేనాటికి నాకు 12, మొత్తం 4,84,615, 20 లక్షల వరకు టాక్స్ లేదు. పీఎఫ్ పోదు, విత్‌డ్రా చెయ్యకుండా కొత్త దాంట్లోకి ట్రాన్స్‌ఫర్ చేసుకోవాలి. పెన్షన్ భాగం పోదు, నేను 2014 సెప్టెంబర్ ముందు చేరినోణ్ణి కాబట్టి ఈపీఎస్‌లో ఉన్నా, పదేళ్లు దాటింది, ఇక్కడితో ఆగినా 58కి నెలకి సుమారు రెండున్నర వేలు వస్తది, అప్పటికి దానితో టిఫిన్లు వస్తాయేమో. పోయేది అంతా కలిపి ఇంకా చేతికి రాని షేర్లు, అవి 44 రూపాయల కాయ.

మరి అందరూ దూకెయ్యాలా అంటే కాదు. ఇంట్లో ఆపరేషన్ ఉండి ఇన్సూరెన్స్ మీద బతుకుతున్నోళ్లు, కాన్పుకి వెళ్లబోయేవాళ్లు, మరీ ముఖ్యంగా నాలుగేళ్లు దాటి గ్రాట్యుటీకి కొన్ని నెలలే ఉన్నోళ్లు ఆగండి, అందులో తప్పేం లేదు. సత్యం 2009 జనవరి 7న, లెక్కల్లో మోసం ఉందని ఛైర్మనే ఒప్పుకున్న ఆ ఉత్తరంతో కూలినప్పుడు కూడా వెళ్లినోళ్లు వెళ్లారు, ఉన్నోళ్లు టెక్ మహీంద్రాలోకి వెళ్లి పని చేసుకున్నారు. కంపెనీ మునిగినంత మాత్రాన మనుషులు మునగరు. కానీ ఆగేటప్పుడు ఎన్ని నెలలు ఆగుతున్నారో క్యాలెండర్ మీద రాసుకోండి. నేను రాసుకోలేదు, అందుకే ఒక్క ఏడాది అనుకున్నది నాలుగయింది.

మే నెలలో రాజీనామా కాగితం పెట్టా. 90 రోజుల నోటీసు, తగ్గించమని అడిగితే ఒప్పుకోలేదు, మనుషులు ఎక్కువయ్యారని తీసేస్తున్న కంపెనీకి నన్ను వదలడానికి మాత్రం మూడు నెలలు కావాలంట. కొత్తది చిన్న కంపెనీ, ఇంట్లోంచే పని, జీతం ఎనిమిది శాతమే ఎక్కువ, ఫ్రెండ్స్ ఇంతేనా అన్నారు. జూలై చివర్లో టీసీఎస్ 12 వేల పైచిలుకు మందిని తీసేస్తామందని టీవీలో చూసి అమ్మ, నువ్వు చేరేది కూడా సాఫ్ట్‌వేరేగా నాన్నా అంది. అవును. గ్యారంటీ ఎవడిస్తాడు.

స్టార్లు అడిగితే, 2019 నుంచి 2021 దాకా మూడు, ఆ తర్వాత ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా ఇన్సూరెన్స్‌కి.

ఇప్పుడు కేటీ ఇస్తున్నా. తీసుకునేది ఆ సింగ్ నగర్ కుర్రాడే, తొమ్మిది మంది దగ్గర నేను నింపిన నోట్సు పుస్తకం వాడికిచ్చేశా. బాబాయ్ 50 టిక్కీలు అమ్మేశాడు, 40 ఇంకా ఏసీలోనే ఉన్నాయి, చూద్దాం రా అంటన్నాడు, నాకు చెప్పినాయనే. బుధవారం తెల్లవారుజామున గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి లాప్‌టాప్ ఇచ్చి రావాలి. ఐడీ కార్డు మాత్రం మా పాప మెడలో వేసుకుని ఆడుకుని ఎక్కడో పడేసింది, పోతే 500 కట్ చేస్తారంట, మంచాల కింద వెతుకుతున్నాం.