కర్నూలు నుంచి రెడ్ హిల్స్‌కు: పేషెంట్‌తో పోవాలంటే ఏ బండి మేలు?

చిన్నాన్నకు హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో మొదలయ్యాక కర్నూలు–హైదరాబాద్ మధ్య బస్సు, కారు, రైలు అన్నీ ఎక్కాం.

బస్సు పోయేటప్పుడు ఫర్వాలేదు, వచ్చేటప్పుడే కష్టం. కీమో ఎక్కించుకున్న మనిషికి వాంతి ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? బండేమో దాబా దగ్గర తప్ప ఆగదు. ఓ ప్రైవేటు బస్సులో క్లీనర్ మొహం చిట్లించుకుంటే, వెనక సీటు పెద్దామె సంచిలోంచి నిమ్మకాయ తీసి గోటితో గిచ్చి, "వాసన చూడు నాయనా" అని చేతిలో పెట్టింది.

నా ఓటు రైలుకే. బాత్రూమ్ ఉంటుంది, కాళ్లు చాపుకోవచ్చు. కానీ తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ లాంటి పగటి బండిలో కూర్చునే పోవాలి, నీరసంగా ఉన్నవాళ్లకు స్లీపర్ బోగీలున్న బండే చూడండి. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ పేషెంట్‌కు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ, తోడు వెళ్లే ఒక్కరికి 75 శాతం. ఆసుపత్రి రాసిచ్చిన రాయితీ పత్రంతో రిజర్వేషన్ కౌంటర్‌కు పోవాలి, ఫోన్‌లో టికెట్ చేసుకుంటే ఈ రాయితీ రాదు. మేం ఆ పత్రం జిరాక్సులు దగ్గర పెట్టుకుంటాం. దారిలో ఒంట్లో బాగోకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయాలి. అసలు టెన్షన్ కాచిగూడలో దిగాకే. వీల్‌చైర్ కోసం ఒకరు ముందే పరిగెత్తాలి, అందుకే తోడు ఇద్దరుంటే మంచిది.

ఆక్సిజన్ పెట్టాల్సిన స్థితిలో ఇవేవీ పనికిరావు, అంబులెన్సే. తుంగభద్ర బ్రిడ్జి దాటాక వచ్చే పుల్లూరు టోల్‌ప్లాజాలో అంబులెన్సుకు టోల్ లేదు, ఇప్పుడు ఆపేవాళ్లూ లేరు. 2021 మేలో కరోనా రోగులతో వెళ్తున్న ఆంధ్రా అంబులెన్సులను ఆపింది ఇక్కడే. హైదరాబాద్ ఆసుపత్రిలో బెడ్ ఖరారై, ముందస్తు అనుమతి ఉంటేనే రమ్మని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. ఊపిరాడని మనిషిని బండిలో పెట్టుకుని కాగితాల కోసం తిరగమనడం ఏం న్యాయమో!

బసకు నాంపల్లి లాడ్జీలు చవకే. అద్దె కంటే ముందు లిఫ్ట్ పనిచేస్తుందా అని అడగండి. మాకు దొరికిన ఒకదాంట్లో లిఫ్ట్ ఉంది కానీ దాని ముందు ఆరు మెట్లున్నాయి.