పిడుదులకు చుక్కల మందా, నమిలే మాత్రా?

కుక్క చెవుల్లో, కాలి వేళ్ల సందుల్లో పిడుదులు కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. వాటి కాటుతో వచ్చే ఎర్లీషియా జ్వరం ప్లేట్‌లెట్లను పడగొట్టి ప్రాణం మీదికి తెస్తుంది.

ఫిప్రోనిల్ చుక్కల మందు నెలకోసారి, భుజాల మధ్య వెంట్రుకలు విడదీసి చర్మం మీద వేయాలి. ఖర్చు తక్కువ. కానీ వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం చేయించకూడదు. తరచూ షాంపూ పెట్టే ఇంట్లో, చెరువులోకి దూకే కుక్కకు దీని బలం త్వరగా తగ్గుతుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ కలిసిన రకం అసలు కొనవద్దు. అది పిల్లులకు విషం.

మాత్రకు స్నానంతో పేచీ లేదు. అఫోక్సోలానర్ మందున్న మాత్ర నెల రోజులు, ఫ్లురలానర్ మాత్ర సుమారు 12 వారాలు పనిచేస్తాయి. మందు రక్తంలో ఉంటుంది కాబట్టి పిడుదు కరిచాకే చస్తుంది. మాత్ర వేశాక కూడా ఒకటి రెండు కనిపిస్తే టెన్షన్ పడొద్దు. అయితే మూర్ఛలు వచ్చిన కుక్కకు డాక్టర్‌ని అడగకుండా ఇవ్వకండి. ఈ రకం మాత్రలన్నిటి గురించీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే ఈ హెచ్చరిక చేసింది. డోసు బరువును బట్టే, కుక్కను తూచాకే.

మూర్ఛల సమస్య లేకపోతే, డబ్బు కాస్త ఎక్కువైనా నా ఓటు మాత్రకే. ఏది వాడినా గోడ పగుళ్లు, కుక్క పడుకునే గుడ్డలు వదిలేయొద్దు. ఆడ పిడుదు కిందికి దిగి వేల గుడ్లు పెట్టేది అలాంటి చోట్లే.