డయాలసిస్‌లో మూడేళ్లుగా పాటలు వింటున్నాను: పనికొచ్చినవి, రానివి

మాది కడప. కిడ్నీలు పనిచేయక మంగళ, గురు, శనివారాలు పొద్దున మొదటి షిఫ్టులో డయాలసిస్‌కి పోతాను, మూడేళ్లు దాటింది. ఒక్కోసారి నాలుగు గంటలు. ఎడమ చేతి ఫిస్టులాలో (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలు కలిపిన చోటు) రెండు సూదులు పెడతారు, ఒకటి రక్తం లాగేది, ఇంకొకటి శుభ్రమైన రక్తం తిరిగి పంపేది. మామూలు ఇంజెక్షన్ సూదుల్లా ఉండవు, బాగా లావు. ఇప్పటికి నాలుగు వందల సార్లు పైనే పడుకున్నాను ఆ మంచం మీద, మొదటి రెండు మూడు నెలలు తప్పితే అన్నీ చెవిలో పాటతోనే. కొత్తగా చేరినవాళ్లు "పాటలు వింటే నిజంగానే నొప్పి తెలీదా అక్కా?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

తెలుస్తుంది. సూది దిగే ఆ క్షణం నొప్పి నొప్పిగానే ఉంటుంది, పాట దాన్ని మాయం చేయదు. నాకు తగ్గింది దాని ముందుండే భయం. సోమవారం రాత్రి నుంచే మొదలయ్యేది నాకు, నిద్ర పట్టేది కాదు, తెల్లారి సిస్టరు దూదితో చెయ్యి తుడిచేసరికే భుజం దాకా బిగుసుకుపోయేది, బిగిసిన చేతిలో సూది పెడితే ఇంకా ఎక్కువ నొప్పి. పాటలు అలవాటయ్యాక ఆ బిగుసుకోవడం పోయింది. దానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

అయితే ఎప్పుడు పెట్టుకుంటాం అన్నదే ముఖ్యం. మొదట్లో సిస్టరు సూది చేతిలోకి తీసుకోవడం చూసి గబగబా ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకునేదాన్ని, ఏమీ లాభం లేకపోయింది. అప్పటికే గుండె దడదడా కొట్టుకుంటూ ఉంటే పాట ఎక్కడ వినపడుతుంది? ఇప్పుడు ఏడు రోడ్ల దగ్గర ఆటో ఎక్కగానే పెట్టేస్తాను. సెంటర్‌కి పోయి, బరువు చూసి, బీపీ చూసి, మంచం ఎక్కేసరికి అరగంట అవుతుంది కదా, ఆ అరగంటే అసలు మందు.

పాట మనసుని కుదుటపరుస్తుందని డాక్టర్లు ఎప్పుడో గమనించారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో కేన్ అనే సర్జన్ 1914లోనే ఆపరేషన్ థియేటర్‌లో గ్రామఫోన్ పెట్టించి, రోగుల భయం తగ్గుతోందని వైద్య పత్రికకు రాశాడు. ఇది చదివినప్పుడు నాకు ఫిస్టులా వేసిన రోజు గుర్తొచ్చింది. చేతికి మాత్రమే మత్తు ఇచ్చారు, నేను మెలకువగానే ఉన్నాను, థియేటర్‌లో ఎవరో ఫోన్‌లో సినిమా పాటలు గట్టిగా పెట్టారు, అన్నీ ఊపు పాటలు. ఆ గంటసేపు నాకు టెన్షన్ పెరిగిందే కానీ తగ్గలేదు. పని చేసేవాళ్లకి ఆ హుషారు అవసరమేమో, కాదనను, కానీ బల్ల మీద పడుకున్న మనిషిని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆపరేషన్ రోగుల మీద జరిగిన 73 పరిశోధనలను కలిపి చూసిన పెద్ద వ్యాసం వచ్చింది, దాదాపు ఏడు వేల మంది. సంగీతం విన్నవాళ్లకి ఆపరేషన్ తర్వాత నొప్పి, ఆందోళన తగ్గాయి, నొప్పి మందులు కూడా తక్కువ పడ్డాయి, ఆస్పత్రిలో ఉండే రోజులు మాత్రం తగ్గలేదు. ఏ పాట, ఎవరు ఎంచుకున్నది అన్నదాని వల్ల పెద్ద తేడా లేదని కూడా తేలింది. ఈ ఒక్క విషయంలో నా అనుభవం వేరు. ఒకసారి ఆపరేషన్ చేయించుకుని వెళ్లిపోయేవాళ్లకి ఏ పాటైనా సరిపోతుందేమో. వారానికి మూడుసార్లు, ఏళ్ల తరబడి పడుకునేవాళ్లకి పాట ఎంపికే సగం వైద్యం.

నేను పెట్టి చూడనిది లేదు. చెక్కభజన పాటలంటే చిన్నప్పటి నుంచి ప్రాణం, మా ఊళ్లో రామాలయం ముందర చెక్కలు పట్టుకుని గజ్జెలతో ఆడుతుంటే తెల్లవార్లూ కూర్చునేదాన్ని. డయాలసిస్‌లో అవి పనికిరాలేదు. వేగం పెరిగేకొద్దీ నా ఊపిరి కూడా దానితో పాటు ఉరుకుతుంది. అన్నమయ్య కీర్తనలు నిదానంగా పాడినవి బాగా పనిచేశాయి, అదీ నోటికి వచ్చినవైతేనే. ఎందుకంటే సూది పడేటప్పుడు నేను ఊరికే వినను, లోపల కూడా పాడుకుంటాను. మాట తర్వాత మాట అందుకోవడంలో మనసు పడితే చేతి మీద నుంచి కాస్త పక్కకి పోతుంది. రెండో చరణం వచ్చేసరికి రెండు సూదులూ పడిపోయి, ప్లాస్టర్ వేసేసి ఉంటారు. తర్వాత మిగిలిన మూడున్నర గంటలకి మాటలున్న పాట వద్దు, తల బరువెక్కుతుంది, వేణువో నాదస్వరమో చిన్నగా పెట్టుకుంటే కునుకు పడుతుంది. పక్క మంచం మెహరున్నీసా అక్క (పేరు మార్చాను) ఖవ్వాలీలు వింటుంది, పెద్ద దర్గా ఉరుసులో విన్నవి, ఆమెకి అవే నిద్ర. పులివెందుల వైపు నుంచి వచ్చే పెద్దాయనకి పాటలే వద్దు, రేడియోలో వ్యవసాయ కార్యక్రమం పెడితే నాలుగు గంటలూ కదలడు. కాబట్టి మీ ఇంట్లోవాళ్లకి మీకు నచ్చింది పెట్టకండి, వాళ్లని అడగండి.

వస్తువుల సంగతి. మొదటి రెండు నెలలు ఫిస్టులా తయారయ్యేదాకా మెడ దగ్గర పెట్టిన గొట్టంతోనే డయాలసిస్ చేశారు. మా తమ్ముడు ఇష్టంగా నెక్‌బ్యాండ్ (మెడ చుట్టూ వేసుకునే ఇయర్‌ఫోన్లు) కొనుక్కొస్తే సిస్టరు ఒప్పుకోలేదు, గొట్టానికి రాసుకుంటే ఇన్‌ఫెక్షన్ వస్తుందని. ఆమె మాట కరెక్టే, మెడలో గొట్టం ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు. వైరున్న ఇయర్‌ఫోన్లు రక్తం గొట్టాల్లో చిక్కుకుంటాయి. విడివిడిగా ఉండే చిన్న ఇయర్‌బడ్స్ మేలు. నేను ఒకటే పెట్టుకుంటాను, రెండోది డబ్బాలో చార్జింగ్‌లో ఉంటుంది, మధ్యలో సిస్టరుని అడిగి మార్పించుకుంటాను, అట్లా నాలుగు గంటలు నిక్షేపంగా వస్తుంది. ఎడమ చేతిలో సూదులు, కుడి చేతికి బీపీ పట్టీ, మాటిమాటికీ ఫోన్ అందుకోలేం, అందుకే పాటలన్నీ ముందే వరుసగా పెట్టుకోవాలి. డౌన్‌లోడ్ చేసే పెట్టుకోండి. ఒకసారి సరిగ్గా సూది దిగేటప్పుడు యాడ్ గట్టిగా మోగి ఉలిక్కిపడ్డాను, చెయ్యి కదిలింది, సూది పక్కకి పోయి మోచెయ్యి కింద అంతా వాచి నల్లబడింది, తగ్గడానికి పది రోజులు పట్టింది.

ఒకటే చెవి అని ఎందుకు చెప్తున్నానంటే, మిషన్ అలారం కొట్టినా, సిస్టరు "అమ్మా, కళ్లు తిరుగుతున్నాయా?" అని అడిగినా మనకి వినపడాలి. బీపీ పడిపోయేటప్పుడు మన మాట చాలా అవసరం వాళ్లకి. 2019లో పెన్సిల్వేనియా యూనివర్సిటీవాళ్లు 157 మంది మీద ఒక పరీక్ష చేశారు, నరానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చే ముందు కొందరికి మిడజోలం అనే ఆందోళన తగ్గించే మందు, కొందరికి బయటి చప్పుడు రానివ్వని హెడ్‌ఫోన్లలో సంగీతం. ఆందోళన రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా తగ్గింది. కానీ హెడ్‌ఫోన్ల వల్ల డాక్టరు, రోగి మాట్లాడుకోవడం కష్టమైంది. నేను కూడా మొదట్లో రెండు చెవులూ మూసుకుని పడుకునేదాన్ని కాబట్టి అది చదవగానే అర్థమైంది. సౌండ్ సగానికి పైన పెట్టొద్దు. పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ చప్పుడు వారానికి 40 గంటలకి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంతకంటే గట్టిగా పెడితే ఆ గంటలు ఇంకా తగ్గిపోతాయి. కిడ్నీ జబ్బున్నవాళ్లకి వినికిడి తగ్గడం కూడా ఎక్కువే, కాబట్టి మనం ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి.

పనిచేయని చోట్లు కూడా చెప్పాలి. మిషన్ ఒంట్లోంచి నీళ్లు ఎక్కువ తీసిన రోజు పిక్క పట్టేస్తుంది చూడండి, ఆ నొప్పి ముందు ఏ పాటా నిలవదు, వెంటనే పిలవండి. మా ఆయన నడుం నొప్పికి ఎంఆర్ఐ తీయించుకున్నప్పుడు నా ఇయర్‌బడ్స్ తీసుకుపోతానన్నాడు, లోపలికి రానివ్వరు, ఆ ఎంఆర్ఐ మిషనే పెద్ద అయస్కాంతం. చెవుల్లో దూది లాంటివి పెట్టి పంపారు.

నేను చేసిన తప్పు ఒకటి ఉంది. మా అమ్మ కోలాటం పాటలు పాడేది. పోయే ముందు సంవత్సరం ఉగాదికి ఫోన్‌లో రికార్డు చేసిపెట్టుకున్నాను, పదకొండు నిమిషాలు. ఆ గొంతు వింటే భయం పోతుందని దాన్నే సూదుల టైముకి పెట్టుకోవడం మొదలుపెట్టాను. నిజంగానే పోయింది, నాలుగైదు నెలలు చాలా ధైర్యంగా ఉండింది. తర్వాత ఒకరోజు ఇంట్లో అమ్మ తద్దినం నాడు అందరం కూర్చుని ఆ పాట పెట్టుకుంటే, మొదటి మాటకే నా ఎడమ చెయ్యి బిగుసుకుంది, ముక్కుకి స్పిరిట్ వాసన వచ్చినట్టైంది. చెల్లెలు ఏడుస్తోంది, నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పాట భయాన్ని తీసుకుపోయింది అనుకున్నాను కానీ తనలోనే దాచుకుంది. దయచేసి మీకు అన్నిటికంటే ఇష్టమైన పాటని సూదికి ఇవ్వకండి. రెండో ఇష్టమో మూడో ఇష్టమో ఇవ్వండి, నెలకోసారి మార్చండి.

ఆ రికార్డు మళ్లీ సెంటర్‌కి తీసుకుపోలేదు. ఏడాది పైన అసలు వినలేదు. ఈ మధ్యే ఆదివారం పూట, మిద్దె మీద వడియాలు పెట్టేటప్పుడు కొద్దికొద్దిగా వింటున్నాను, మొదట రెండు నిమిషాలు, తర్వాత నాలుగు. మొన్న తొమ్మిదో నిమిషం దాకా విన్నాను, చెయ్యి వదులుగానే ఉంది.