గ్యాప్ ఇయర్‌లో ఇంగ్లిష్ కోసం: మాల్టానా, ఐర్లాండా?

రెండు చోట్లా ఇంగ్లిష్ అధికార భాషే, ఖర్చు పెట్టేది యూరోలే. తేడా అంతా తరగతి గది బయటే.

మాల్టాలో ఇళ్లలో ఎక్కువగా మాల్టీస్ మాట్లాడతారు. ఇంగ్లిష్ చాలామందికి రెండో భాష. నోరు తెరవడానికే భయపడేవాళ్లకు ఇది మేలు. ఎదుటివాళ్లూ నేర్చుకున్నవాళ్లే కాబట్టి తప్పు దొర్లినా బెరుకు తక్కువ. కాకపోతే సాయంత్రాలు సొంత భాషవాళ్లతో బీచ్‌లో కబుర్లకు కూర్చుంటే ఇక అంతే సంగతులు.

ఐర్లాండ్‌లో మొదట్లో చుక్కలు కనిపిస్తాయి. వేగం, యాస రెండూ కొత్తే. కానీ యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులు కూడా గుర్తింపు ఉన్న 25 వారాల కోర్సులో చేరితే, తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేయొచ్చు. నా లెక్కలో అసలు పాఠం అక్కడే. కేఫ్ కౌంటర్ ముందు క్యూ పెరుగుతుంటే, ఒకాయన “మామూలు పాలు వద్దు, ఓట్ మిల్క్, చక్కెర సగమే” అని గబగబా అనేస్తాడు. అర్థం కాకపోతే మళ్లీ అడగక తప్పదు. అలా అడగడం అలవాటైతే సగం టెన్షన్ పోయినట్టే.

రెండు మూడు నెలలే చేతిలో ఉంటే మాల్టా. ఆరు నెలలు దాటితే ఐర్లాండ్‌కే నా ఓటు, డబ్లిన్‌లో అద్దె గది వెతుక్కునే తలనొప్పికి సిద్ధపడితేనే సుమా.